దారి చూపినాయన పేరు

బస్సులు లేని రోజుల్లో మా తాత చేసిన శ్రీశైలం యాత్ర గురించి మా ఇంట్లో ఇప్పటికీ చెప్పుకుంటాం. మార్కాపురం నుంచి దోర్నాల దాకా ఎద్దులబండి, అక్కణ్ణించి అడవిలో నడక. ఎవరెవరు వెళ్లారో, ఎవరి కాల్లో ముల్లు దిగిందో, శిఖరం కనిపించగానే ఎవరు బావురుమన్నారో అన్నీ మాకు నోటికొచ్చు. ముందు నడిచిన మనిషి గురించి మాత్రం ఒకే ముక్క: 'ఎవరో చెంచోడు దారి చూపించాడు.'

మొన్న మనవరాలు బడిలో ఇచ్చిన పనికి మా ప్రాంత చరిత్ర చెప్పమంది. నేను రైలుతో మొదలుపెట్టాను. 1876-78 నాటి కరవు తర్వాత వేసిన మీటరు గేజి లైను, గిద్దలూరు, దిగువమెట్ట మీదుగా నల్లమల దాటి నంద్యాలకు ఎలా వెళ్లిందో చెబుతున్నాను. "రైలుకి ముందో?" అంది.

ముందు నందికనుమ ఉంది. దోర్నాల నుంచి ఆత్మకూరుకు పోయే కనుమా ఉంది. వాటిని కాసినవాళ్లు చెంచులు. శ్రీశైలం యాత్రికులకు తోడు వెళ్లేవారు, అందుకు రుసుము తీసుకునేవారు. మార్కాపురం, గిద్దలూరు 1970 దాకా కర్నూలు జిల్లావే కాబట్టి మా పాత సంగతులకు 1886 నాటి కర్నూలు మాన్యువల్ తిరగెయ్యాలి. చెంచులకైతే అంత దూరం అక్కర్లేదు. మల్లన్న వాళ్లకు అల్లుడు, చెంచు మల్లయ్య. ఇంతకన్నా పాత చుట్టరికం మాలో ఎవరికుంది?

"మరి తాత వాళ్లకు దారి చూపినాయన పేరేంటి?"

నాకు తెలియదు. 'డు' అని తగిలించింది కూడా మేమేనని అప్పుడే తట్టింది.

ఇది ఉత్త పేరు సంగతి కాదు. 1983లో నల్లమల పులుల ప్రాజెక్టు కిందికి వచ్చాక, అడవిలో ఎవరు ఎక్కడుండాలన్నది కాగితాల వ్యవహారమైంది. 2006 అటవీ హక్కుల చట్టం వచ్చాక ఆ కాగితాల్లో పెద్దల నోటిమాటకూ చోటు దొరికింది. ఊళ్లో పెద్దలు చెప్పింది రాసుకుంటే అదీ సాక్ష్యమే. పాత బావి, సమాధులు, దేవుడి చెట్టు కూడా సాక్ష్యమే. మా తాత కథలో ఫలానా గూడెం, ఫలానా మనిషి అని ఒక్క మాటుంటే, ఎవరికో పనికొచ్చేదేమో.

శివరాత్రికి దోర్నాల వైపు గూడేలకు వెళ్లి పెద్దవాళ్లను అడిగొస్తానన్నాను. "నువ్వూ రారాదూ!" అంటే, పరీక్షలున్నాయంది.