అత్తగారి తునకలు, అబ్బాయి బేకన్

రెండేళ్ళ క్రితం మా అత్తగారు మొదటిసారి అమెరికా వచ్చినప్పుడు విమానాశ్రయంలో ఆవిడ పెట్టె తెరిపించారు. జొన్నపిండి వదిలారు, కారప్పొడి వదిలారు. చీర మడతల్లో దాచిన వట్టి తునకల పొట్లం మాత్రం తీసి పక్కన పెట్టేశారు. గాలికుంటు జబ్బు ఉన్న దేశాల నుంచి వచ్చే మాంసం, ఎండబెట్టినదైనా సరే, ఇక్కడికి రానివ్వరు. ఆ సంగతి ముందే చెప్పకపోవడం మా తప్పే. "నా కొడుక్కి నాయనా, పొట్టేలు కూర" అని ఆవిడ తెలుగులో బతిమాలుకున్న తీరు తలుచుకుంటే నాకిప్పటికీ మనసు చివుక్కుమంటుంది.

అత్తగారిది రాయచూరు జిల్లా దేవదుర్గ తాలూకాలోని జాలహళ్ళి. వీధిలో కన్నడం, ఇంట్లో తెలుగు. పండగకి కోసిన పొట్టేలులో మిగిలిన మాంసాన్ని చిటికెనవేలి మందాన పొడుగ్గా చీరి, ఉప్పూ పసుపూ పట్టించి, దండెం మీద ఆరేస్తారు. పైన పల్చటి గుడ్డ, కింద కాకుల్ని తోలడానికి ఒక మనవడు. వేసవిలో అక్కడి ఎండ నలభై డిగ్రీలు దాటుతుంది కాబట్టి తునకలు త్వరగానే పుల్లల్లా ఎండుతాయి. మందంగా కోస్తే పైన ఎండి లోపల కుళ్ళుతుందని ఆవిడకి ఏ పుస్తకమూ చెప్పలేదు.

వచ్చిన మర్నాడే మా అబ్బాయి పెనం మీద బేకన్ వేయించుకుంటున్నాడు. వాసనకి ఆవిడ వంటింట్లోకి వచ్చారు.

"ఏంరా అది, తునకలా?"

"అవునవ్వా, అమెరికా తునకలు."

పందిమాంసమని తెలిశాక నాలుగడుగులు వెనక్కి వేశారనుకోండి! ఆ భయం ఉత్త చాదస్తం కాదు. వీధుల్లో మలినం తిని తిరిగే పందుల నుంచి బద్దెపురుగు వస్తుంది. ఆ పురుగు గుడ్లు మన కడుపులో పడితే మెదడుదాకా పాకి మూర్ఛలు తెప్పిస్తాయి. కొట్టంలో పెంచిన పందులతో ఇక్కడ ఆ బెడద బాగా తక్కువ.

నేను మాత్రం అలవాటు ప్రకారం వాడికి ఉపన్యాసం మొదలుపెట్టాను. మా వారికి రక్తపోటు. ఉప్పు తగ్గించమని డాక్టరు గట్టిగా చెప్పినప్పటి నుంచి బేకన్ మీద నాకు కత్తి కట్టినంత కోపం. వాడు తాపీగా విని, "మరి జాలహళ్ళి వెళ్తే నాన్నకి తునకలు నువ్వే కొసరి కొసరి వడ్డిస్తావు కదమ్మా, అందులో ఉప్పు లేదా?" అన్నాడు. నా దగ్గర జవాబు లేదు.

ఆ రాత్రి చదవడానికి కూర్చున్నాను. ప్రపంచ ఆరోగ్య సంస్థవారి క్యాన్సర్ పరిశోధన విభాగం 2015లో నిల్వ మాంసాన్ని క్యాన్సర్ కారకాల మొదటి వర్గంలో చేర్చింది. రోజూ 50 గ్రాములు తినేవారికి పెద్దపేగు క్యాన్సర్ ముప్పు 18 శాతం పెరుగుతుందన్నారు. పొగాకుదీ అదే వర్గం. అంతమాత్రాన రెండూ ఒకే అంత ప్రమాదమని కాదు, రుజువు అంత గట్టిగా ఉందని మాత్రమే. నన్ను కుదిపింది వాళ్ళిచ్చిన నిర్వచనం. ఉప్పు వేసినా, పొగ పెట్టినా, ఊరబెట్టినా అది నిల్వ మాంసమే. అంటే మా అత్తగారి దండెం కూడా అందులోకే వస్తుంది.

తేడా లేకపోలేదు. బేకన్‌లో నైట్రైట్ కలుపుతారు. గాలి చొరని ప్యాకెట్లో బొట్యులినమ్ అనే ప్రాణాంతక విషక్రిమి పెరగకుండా అది కాస్తుంది, ఆ గులాబిరంగూ దానిదే. పెనం మీద బాగా మాడిస్తే దాని నుంచి నైట్రోసమైన్లు పుడతాయి, కరిగిన కొవ్వులో అవి మరీ ఎక్కువ. ఆ కొవ్వులో గుడ్లు వేయించుకోవడం మావాడికి మహా ఇష్టం, మాన్పించాను. "నైట్రైట్ కలపలేదు" అని రాసిన ప్యాకెట్లు చూసి మురిసిపోకండి. చాలావాటిలో సెలెరీ పొడి ఉంటుంది, దాని నుంచి వచ్చేదీ నైట్రైటే.

తునకల్లో ఆ మందు లేదు, తేమ లేకపోవడమే వాటికి కాపలా. ఉప్పు సంగతి మాత్రం వేరు. రోజుకి ఐదు గ్రాములు మించవద్దంటారు. రెండు బేకన్ ముక్కల్లోనే సుమారు గ్రాము దాకా ఉంటుంది. అత్తగారి చేతి ఉప్పుకి లెక్కే లేదు! ఇక్కడి మబ్బుల్లో తునకలు ఎండబెడదామనుకునేవారికి ఒక మాట: ముందు మాంసాన్ని 71 డిగ్రీల వేడిదాకా ఉడికించి, ఆ తర్వాతే ఎండబెట్టమంటారు ఇక్కడివాళ్ళు. జాలహళ్ళి ఎండ మన వెనకింటి వరండాలో దొరకదు.

ఇదంతా ఆవిడకి ఎలా చెప్పాలా అని మథనపడ్డాను. కిందటి వేసవిలో ఊరెళ్ళినప్పుడు నెమ్మదిగా చెప్పాను. ఏమీ అనలేదు. ఆ మధ్యాహ్నం తునకల్ని ఉడుకునీళ్ళలో రెండుసార్లు నానబెట్టి, రెండుసార్లూ నీళ్ళు పారబోసి, బోలెడు కందిపప్పులో కాసిని వేసి వండారు. కొడుకు కంచంలో లెక్కపెట్టి నాలుగే వేశారు.

"ఉప్పు చాల్లేదమ్మా" అన్నారు మా వారు.

ఆవిడ ఉప్పుడబ్బా తీసి తన వెనక పెట్టుకున్నారు.