భావనపాటి బురద

ఉదయమున మేము భావనపాడు చేరితిమి. దారిలో నౌపడ ఉప్పుమళ్లు తెల్లగా మెఱయుచుండెను. కయ్య యొడ్డున దిగగానే కాళ్లు నల్లబురదలో కూరుకొనెను. మాలో నొకరు విసుగుకొనిరి.

సోదరీమణులారా, అటుకపై దుమ్మువలె నీటియడుగున బురద పొరపై పొరగా పేరుచుండును. పుప్పొడియు, సూక్ష్మజీవుల గుల్లలును అందణగి నాటి శీతోష్ణములను తెలుపును. 2004లో ఉత్తరధ్రువము చెంత సముద్రపుటడుగును తొలిచిన శాస్త్రజ్ఞులకు అజొల్లా రేణువులు దొరికెను. మన వరిమళ్లలో ఎరువుగా పెంచు మొక్క జాతియే! సుమారు 4 కోట్ల 90 లక్షల యేండ్లనాడు అచటి నీటిపై నది పచ్చగా పఱచుకొనియుండెను. నాడు గాలిలో బొగ్గుపులుసు వాయువు నేటికంటె మిక్కుటము.

2014-15లో జాయిడెస్ రిజల్యూషన్ అను ఓడ మన బంగాళాఖాతపుటడుగునుండియు అట్టి బురదను తీసినది. ఋతుపవనముల పూర్వచరిత్ర నెఱుంగుటకే.

నేడు ఆ వాయువు మరల పెరుగుచున్నది. గ్రీన్లాండు నేలపై మంచు కరగి కడలి పొంగుచున్నది. 2018 అక్టోబరున తిత్లీ తుపాను ఉద్దానపు కొబ్బరితోటలను కూల్చుట ఈ తీరవాసులు మఱవలేదు. కడలి యింకను పొంగినచో ఈ ఉప్పుమళ్లకును, జాలరి యిండ్లకును దిక్కేది?

తిరుగుదారిలో కాళ్లు కడుగుకొంటిమి. ఈసారి ఎవరును విసుగుకొనలేదు.