నిలబడి తుడిచే ఇల్లు

ఇల్లు తుడవడంలో గుడ్డ నేలమీద కదిలే సమయం తక్కువే. ముందు బకెట్ నింపాలి, మూతెడు ఫినాయిల్ పోయాలి, ఆ బరువు హాల్లోకి మోసుకురావాలి. గుడ్డ ముంచాలి, పిండాలి, నాలుగు బారలు తుడిచి మళ్ళీ ముంచాలి. రెండు గదులయ్యేసరికి నీళ్ళు నల్లబడతాయి, పారబోసి కొత్తవి పట్టుకోవాలి. ఆఖర్న గుడ్డ ఉతికి ఆరేస్తే గానీ పని అయినట్టు కాదు. స్ప్రే మాప్ తగ్గించింది ఈ ముందూ వెనకా చాకిరీని. పిడి దగ్గర మీట నొక్కితే కర్రకు తగిలించిన సీసాలోంచి సన్నటి తుంపర పడుతుంది, కింద అతికించిన మెత్తటి ప్యాడ్ దాని మీదుగా వెళుతుంది. అర లీటరు కూడా పట్టని సీసాతో రెండు పడగ్గదుల ఇల్లు అయిపోతుంది. ఎండాకాలం ట్యాంకర్ కోసం ఎదురుచూసే అపార్ట్‌మెంట్లలో రెండు బకెట్ల నీళ్ళు మిగలడం చిన్న సంగతేం కాదు.

వెల మాత్రం వెయ్యికి అటూ ఇటూగా ఉంటుంది. పాత పంచెను చింపి ఇల్లు తుడుచుకునే చోట ఒక కర్రకు వెయ్యి రూపాయలా అని పెద్దవాళ్ళు అడిగితే ఆ ప్రశ్న న్యాయమైనదే. జవాబు దాని ఆయుష్షులో ఉంది. రెండేళ్ళు నడిస్తే రోజుకు రూపాయిన్నర కూడా పడదు. ఆరు నెలలకే మీట విరిగితే అయిదున్నర అవుతుంది, పైగా ఆ ప్లాస్టిక్ అంతా చెత్తబుట్టలోకి పోతుంది. ఈ మాపుల్లో చాలావాటికి విడి భాగాలు దొరకవు. మీట నుంచి పంపు దాకా కర్రలోపల సాగే సన్న కడ్డీ ఒక్కటి ఊడినా మొత్తం మూలపడుతుంది. అందుకే ఖరీదు తక్కువని కొనేవాళ్ళకు ఒక్కటే చెబుతాను: ముందు మీటను పదిసార్లు గట్టిగా నొక్కి చూడండి, ప్యాడ్లు విడిగా దొరుకుతాయో లేదో అడగండి.

ఆ ప్యాడ్ గురించి కొంచెం చెప్పాలి. మైక్రోఫైబర్ అంటే పాలిస్టర్, నైలాన్ కలిపి తీసిన, వెంట్రుక కంటే ఎన్నో రెట్లు సన్నటి పోగులు. వాటి మధ్య సందుల్లోకి నీళ్ళూ ధూళీ ఎక్కి అక్కడే నిలుస్తాయి. బకెట్ పద్ధతిలో మురికి గుడ్డను మళ్ళీ మళ్ళీ అదే నీళ్ళలో ముంచుతాం కాబట్టి మొదటి గది మురికి రెండో గదికి చేరుతుంది. స్ప్రే మాప్‌లో సీసా నీళ్ళు చివరిదాకా శుభ్రంగానే ఉంటాయి, ప్యాడ్ మాత్రం నిండిపోతుంది. ఒక్క ప్యాడ్‌తో ఇల్లంతా తుడిస్తే వంటింటి జిడ్డు పూజగది దాకా వెళుతుంది. గదికొకటి కాకపోయినా మూడు నాలుగు ప్యాడ్లు లేకుండా ఈ పరికరం పనికిరాదు. ఉతికేటప్పుడు బట్టలు మెత్తబడటానికి వాడే ద్రవం కలపకూడదు, పోగుల మీద పూతలా పేరుకుని నీళ్ళు పీల్చనివ్వదు. ఉతికినప్పుడల్లా ఆ సన్నటి ప్లాస్టిక్ పోగులు కొన్ని మురుగునీళ్ళలో కలుస్తాయి. పాత నూలు పంచెతో ఆ బెడద లేదు. ఈ నష్టం ఏ ధర చీటీ మీదా కనబడదు గానీ లెక్కలోకి తీసుకోవలసిందే.

నీళ్ళ సంగతి కూడా ఉంది. బోరు నీళ్ళు వాడే ఇళ్ళల్లో కుళాయి అంచున తెల్లగా పేరుకునే ఉప్పే తుంపర రంధ్రాన్నీ మూసేస్తుంది. ఆర్వో ఫిల్టర్ వదిలేసే నీళ్ళు పట్టి ఇల్లు తుడవడం మంచి అలవాటు, కానీ ఆ నీళ్ళలో లవణాలు మరింత ఎక్కువ. బకెట్‌కు పనికొస్తాయి, ఈ సీసాలో మాత్రం పొయ్యకూడదు. చిక్కటి ఫినాయిల్ కూడా అంతే. వెనిగరో నిమ్మరసమో కలిపితే తళతళలాడుతుందని ఎవరో ఒకరు సలహా ఇస్తారు. విట్రిఫైడ్ టైల్స్ ఉన్న ఇంట్లో పరవాలేదు. పాలరాయి, తాండూరు బండ, కడప బండ మాత్రం సున్నపురాయి జాతివి, పులుపు తగిలితే మెరుపు పోయి మచ్చలు పడతాయి. ఎన్నో ఏళ్ళుగా కాళ్ళ కింద నునుపెక్కిన కడప బండను ఒక సీసా వెనిగర్‌తో పాడుచేసుకోవడం కంటే బాధాకరమైనది లేదు.

ఇలాంటి మాపులకు ఊపు తెచ్చింది అమెరికా. ప్రోక్టర్ అండ్ గ్యాంబుల్ 1999లో స్విఫర్ తెచ్చింది, తర్వాత దానికి ద్రవం చిమ్మే రకం చేర్చింది. అక్కడి ఇళ్ళల్లో చెక్క నేలలు ఎక్కువ. నీళ్ళు నిలిస్తే పలకల అతుకులు ఉబ్బుతాయి, కాబట్టి తక్కువ తడితో తుడవడం అక్కడ అవసరం. డల్లాస్‌లోనో న్యూజెర్సీలోనో ఉన్న మనవాళ్ళ ఇళ్ళకు వెళితే ఒకసారి వాడి పారేసే ప్యాడ్లూ, ఆ కంపెనీదే కొనవలసిన ద్రవమూ కనిపిస్తాయి. అక్కడ మాప్ కంటే ఈ రోజువారీ సరుకే ఎక్కువ డబ్బు తింటుంది. ఇక్కడ అమ్మేవాటిలో సీసా మనమే నింపుకోవచ్చు, ప్యాడ్ ఉతుక్కోవచ్చు. ఆ సౌకర్యాన్ని వదులుకోకూడదు. మన నేల రాతిదే అయినా ఇళ్ళు మారాయి. హాల్లో తూము లేదు, అల్మరాలూ వంటింటి అరలూ ప్లైవుడ్‌వి, అడుగున తడి తగిలితే ఉబ్బుతాయి. పండక్కి బిందెలతో నీళ్ళు కుమ్మరించి చీపురుతో గడప దాటించే కడుగుడు ఇప్పుడు బాల్కనీకి పరిమితమైంది. ఆ కడుగుడుకు స్ప్రే మాప్ సాటి రాదు, ఒలికిన పప్పుకీ పొయ్యి కింది నూనెకీ కూడా చాలదు. రోజూ ఊడ్చిన నేలమీద పలుచగా ఒక తడి చెయ్యి వెయ్యడం దాని పని. అది త్వరగా ఆరుతుంది గనక ఇంట్లో పెద్దవాళ్ళు జారిపడే భయం తగ్గుతుంది. ఈ ఒక్క కారణానికే నేను దానికి వెయ్యి ఇస్తాను.

అసలు విలువ ఒంటి నొప్పుల్లో లెక్కించాలి. స్పెయిన్‌లో 1950లలో మాన్యుయెల్ హలోన్ అనే విమానాల ఇంజనీరు పిండే బకెట్టూ కర్ర గుడ్డా కలిపి జనంలోకి తెచ్చేదాకా అక్కడి ఆడవాళ్ళు మోకాళ్ళ మీద పాకుతూ నేల తోమేవారు. అలా రోజూ మోకాలు ఆన్చితే మోకాటి చిప్ప ముందుండే తిత్తి వాస్తుంది. మన పద్ధతి వేరు: గొంతుక్కూర్చుని వెనక్కి వెనక్కి జరుగుతూ తుడవడం. నడుమూ మోకాలి కీలూ రెండూ నలుగుతాయి.

మన ఊళ్ళలో ఆ నలుగుడు ఎవరిది? దేశవ్యాప్తంగా 2024లో జరిపిన సమయ వినియోగ సర్వేలో జీతంలేని ఇంటిపని చేసే ఆడవాళ్ళు దానికి రోజుకు 289 నిమిషాలు, చేసే మగవాళ్ళు 88 నిమిషాలు వెచ్చిస్తున్నారని తేలింది. పరికరం వచ్చినంత మాత్రాన ఈ తేడా తగ్గదు. రూత్ ష్వార్ట్జ్ కోవన్ అనే చరిత్రకారిణి 1983లో రాసిన పుస్తకంలో, యంత్రాలు వచ్చాక శుభ్రత ప్రమాణం పెరిగిందనీ, ఇల్లాలికి తీరిక పెరగలేదనీ చూపించింది. ఇప్పుడూ అదే జరగవచ్చు: సులువు కదా అని పూటకోసారి తుడవమంటారు. నిలబడి తుడిచే కర్ర మగపిల్లవాడి చేతికీ తాతగారి చేతికీ అందుతుంది. అందించాలి.

నాకు మింగుడుపడని విషయం ఇంకొకటి ఉంది. చాలా ఇళ్ళల్లో స్ప్రే మాప్ ఆదివారానికి, అంటే పనామె రాని రోజుకు. మిగతా రోజుల్లో ఆమె చేతికి గుడ్డా బకెట్టూ. చేత్తో తుడిస్తేనే మూలలు శుభ్రమవుతాయని కారణం చెబుతారు. మూలలు వారానికోసారి చేత్తో తుడుచుకోవచ్చు, దానికోసం ప్రతిరోజూ మొత్తం ఇల్లు గొంతుక్కూర్చుని తుడవవలసిన పనిలేదు. మనం ఒక ఇల్లు తుడిచి నడుం పట్టుకుంటాం. ఆమె నాలుగైదు ఇళ్ళు తుడుస్తుంది. ఏ మోకాలికి ఎక్కువ అవసరమో తెలుస్తూనే ఉంది కదా. కొనేటప్పుడు ఆమెను కూడా అడగాలి: పిడి ఎత్తు సరిపోతుందా అక్కా, మీట నొక్కడం కష్టంగా ఉందా అని. ఆమె బకెట్టే నయమంటే పిండే జాలీ ఉన్న బకెట్టూ పొడుగు కర్ర మాపూ కొనిపెట్టాలి, డబ్బు దాదాపు అంతే అవుతుంది. ప్యాడ్లు ఉతకడం మాత్రం ఆమె పనిలో కలపకూడదు. అవి మన వాషింగ్ మెషిన్‌లో, మన చేత్తో వేసుకోవలసినవి.