పురిటికొచ్చిన కొంగలు

సిక్కోలు జిల్లా టెక్కలి మండలంలో తేలినీలాపురం చిన్న ఊరు. చరిత్ర అడిగితే అక్కడ రాజుల కథలు చెప్పరు, చింతచెట్లు చూపిస్తారు. వానలు వెనకబట్టాక ఆ కొమ్మలమీద గూడబాతులు, ఎర్రకాళ్ళ కొంగలు దిగుతాయి. ఊరి చరిత్ర ఏటా అప్పుడే మళ్ళీ మొదటినుంచి మొదలవుతుంది.

సైబీరియా నుంచి వస్తాయని అందరి నమ్మకం. పక్షిశాస్త్రం ఒప్పుకోదు. రెండూ దక్షిణ, ఆగ్నేయాసియా పక్షులే. సైబీరియా మంచు వాటి కాలికి అంటనే లేదు. నౌపడ వైపు చిత్తడి నేలల్లో చేపలు చూసుకొని, ఇక్కడ గూడుకట్టి, ఎదిగిన పిల్లలతో ఎండలు ముదిరేలోగా వెళ్ళిపోతాయి. గుడ్డు పగిలిన చోటే పుట్టినూరైతే మనం అతిథులంటున్నది స్థానికులనే. అయినా సైబీరియా అన్నమాటకున్న మర్యాద వేరు. పక్క జిల్లా నుంచి వస్తే కొంగ, మంచుకొండలు దాటొస్తే అతిథి.

ఊరివాళ్ళ లెక్క శాస్త్రానికే దగ్గరగా ఉంది. చెట్టుకింద చేపల నీచు, అరుగుమీద తెల్లటి రెట్టలు. విసుగురాదా అంటే ఒక ముసలమ్మ నన్నే మందలించింది: "ఏటి బాబూ, పురిటికొచ్చిన గుంటని తిడతామేటి?" దూరదేశపు అతిథీ, ఇంటి ఆడపిల్లా ఒకే పిట్ట ఎలా అవుతుందో ఆమెకు సందేహమే లేదు. పైన గూడబాతు పిల్ల తల్లి గొంతుసంచిలోకి తల మొత్తం దూర్చి చేప వెతుక్కుంటోంది. పురుడంటే ఇదే కదా అన్నట్టు ఆమె చూసింది.

పక్కనే ఉద్దానం. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను అక్కడి కొబ్బరిని, జీడిని నేలకూల్చింది. గూడబాతుకి ఊరంటే చెట్టేనన్న సంగతి తోటల్ని నమ్ముకున్నవాళ్ళకు ఆ రోజు ఎవరూ చెప్పనక్కరలేకపోయింది.

వలస అన్నమాట ఈ జిల్లాలో పిట్టలకంటే మనుషులకే ఎక్కువ పని చేస్తుంది. చెన్నై, హైదరాబాదు, విశాఖ: పని ఉన్నచోటల్లా సిక్కోలు మాట వినిపిస్తుంది. పిట్టలు పుట్టింటికి వచ్చే కాలానికి పుట్టినవాళ్ళు ఊళ్ళో ఉండరు. ఇద్దరూ కలిసేది సంక్రాంతికి. పిట్టల్ని చూడటానికి కావలిమంచె ఉంది, బైనాక్యులర్లు పట్టుకొచ్చే జనం ఉన్నారు. సంచి భుజాన వేసుకొని బస్సు దిగేవాణ్ణి ఇంట్లోవాళ్ళు తప్ప ఎవరూ చూడరు.

పండగనాడు వాకిట్లో ముగ్గు పెట్టే ఇల్లాలు ముందు నేల చూడదు. తలెత్తి, గూడు ఏ కొమ్మమీదుందో చూసుకొని, ఓ నాలుగడుగులు ఇవతలికి జరిగి చుక్కలు పెడుతుంది.