పద్మనగరంలో ఒక పాట

భివండీ అనగానే మనవారికి మొదట జ్ఞాపకం వచ్చేది సాంచాల చప్పుడు. ఠాణా జిల్లాలోని ఈ మరమగ్గాల ఊరికి మొన్న ఒక ఆదివారం మేము మా పన్నెండేళ్ళ కుమారుణ్ణి వెంటబెట్టుకొని వెళ్ళాము. గుమాస్తాలకు ఆదివారం తప్ప వేరే పుణ్యతిథి ఎక్కడిది!

పద్మనగర్‌లో అడుగుపెట్టగానే వీధిలో తెలుగు వినబడింది, ప్రాణం లేచివచ్చినట్లయింది. ఊళ్ళో చేతిమగ్గం అన్నం పెట్టక తెలంగాణ జిల్లాల నుండి వచ్చిన పద్మశాలీలు తరాలుగా ఇక్కడ స్థిరపడ్డారు. మాకు వరుసకు మామయ్య అయ్యే పెద్దాయన ఒక కార్ఖానాలో కండెలు చుడుతున్నారు. నాడెల మోతలో పక్కమనిషి మాట కూడా వినరాదు, అంతా సైగలే. ఇంతలో కరెంటు పోయింది. సాంచాలన్నీ ఒక్కసారి ఆగాయి. అప్పుడు తెలిసింది, మామయ్య అంతసేపూ పాడుతూనే ఉన్నారని!

అది సుద్దాల హనుమంతుగారి "పల్లెటూరి పిల్లగాడా".

"మన పద్మశాలీల బిడ్డేనయ్యా ఆయన" అన్నారు మామయ్య గర్వంగా. నిజమే. నల్గొండ సీమలో పాలడుగులో పుట్టి, సుద్దాలలో స్థిరపడి, ఆ ఊరిపేరే ఇంటిపేరైన కవి. 1944 భువనగిరి ఆంధ్ర మహాసభ తరువాత ఊరూరా సంఘాలు లేచిన కాలమది. నిజాం ఏలుబడిలో దొరల వెట్టికి నలిగిన జనానికి ఉపన్యాసం కన్నా పాట త్వరగా ఎక్కుతుందని ఆయన గ్రహించారు. బుర్రకథ, గొల్లసుద్దులు, ఫకీరు వేషం, జనం ఎరిగిన బాణీలన్నిటిలోను ఉద్యమాన్ని పలికించారు. అజ్ఞాతంలోనూ గడిపారు. 1982లో కన్నుమూశారు. బడికి పోవలసిన వయస్సులో పశులు కాసే పసివాణ్ణి గురించిన ఈ పాట 1980లో విడుదలైన "మాభూమి" చిత్రం ద్వారా దేశమంతా తిరిగింది. కుమారుడు అశోక్ తేజ కూడా పాటల రచయితే; "ఠాగూర్" చిత్రంలోని పాటకు జాతీయ బహుమతి పొందారు.

మావాడు మా చొక్కా లాగి, "పిల్లగాడా అంటే ఏమిటి నాన్నా?" అని అడిగాడు, హిందీలో. మామయ్య ముఖం చూడలేకపోయాము. ఆయన మాత్రం నవ్వి, వాణ్ణి దగ్గర కూర్చోబెట్టుకొని, "నువ్వేరా పిల్లగాడివి!" అని మొదటినుండి నెమ్మదిగా ఎత్తుకున్నారు. రెండు చరణాలు కాకముందే కరెంటు వచ్చింది. పెదవులు కదలడమే కనబడింది.

తిరుగు బస్సులో మావాడు పల్లవి కూనిరాగం తీస్తూ, "తరువాత ఏముంది నాన్నా?" అన్నాడు.

మాకు రాదు. వచ్చే ఆదివారం మళ్ళీ వెళ్ళాలి.