కిర్రుమనే పెడలు

‘కందెన వేయని బండికి కావలసినంత సంగీతం’ అన్నది తెలుగువారి సామెత. ఎడ్లబండ్ల కాలంలో పుట్టిన ఈ మాట మోటారు వాహనాల కాలంలోనూ వర్తిస్తుంది. ఆనాటి రైతు ఆముదంలో గడ్డిమసి కలిపి బండి ఇరుసుకు పట్టించేవాడు. ఆ పలుచని పొర లేనిచోట రాపిడి పుడుతుందనీ, రాపిడి వల్ల ఇరుసు అరుగుతుందనీ అతనికి అనుభవమే నేర్పింది. నేటి కారులో క్లచ్ పెడలు కిర్రుమన్నప్పుడు వినిపించేది కూడా చాలావరకు ఆ రాపిడే.

ఇంజనుకూ గేర్‌బాక్సుకూ మధ్య ఉండి, అవసరమైనప్పుడు ఆ రెండింటినీ విడదీసి తిరిగి కలిపే సాధనం క్లచ్. గేరు మార్చిన ప్రతిసారీ డ్రైవరు ఎడమ పాదం ఆ పెడలును తొక్కవలసిందే. అన్నిసార్లు కదిలే భాగం అరగడంలో వింత లేదు.

అద్దె కారు నడిపి కుటుంబాన్ని పోషించుకొనే డ్రైవరుకు ఈ చప్పుడు చిన్న విషయం కాదు. కారణం తెలుసుకోకుండా గేర్‌బాక్సు దింపించి క్లచ్ మార్పిస్తే వేల రూపాయలు ఖర్చవుతాయి. బండి షెడ్డులో ఉన్నన్నాళ్లూ సంపాదన ఉండదు. ఇంతా చేసి, లోపం పెడలు కీలు దగ్గరే ఉంటే కిర్రు మళ్లీ వినిపిస్తుంది. అలాగని పెడచెవిన పెట్టడమూ మంచిది కాదు. కేబులు పోగులు ఒక్కొక్కటే తెగుతూ వచ్చి ఒకనాడు నడిరోడ్డున పూర్తిగా తెగిపోతే ప్రయాణం అక్కడితో ఆగిపోతుంది.

నేర్పరి అయిన మెకానిక్కు పానా పట్టడానికి ముందు చెవి ఒగ్గుతాడు. బండిని న్యూట్రల్‌లో ఉంచి, హ్యాండ్‌బ్రేకు వేసి, ఇంజను ఆపి, పెడలును చేతితో నెమ్మదిగా నొక్కుతాడు. అప్పుడూ కిర్రుమంటే లోపం పెడలు కీలు, స్ప్రింగు, కేబులు, క్లచ్ ఫోర్కులలో ఎక్కడో ఉన్నట్లు. ఇంజను నడుస్తుండగా పెడలు తొక్కినప్పుడు మాత్రమే కీచుమంటే రిలీజ్ బేరింగును అనుమానించాలి. ఆ తరువాత ఒకరు పెడలు నొక్కుతుండగా మరొకరు చప్పుడు డ్యాష్‌బోర్డు కింద పుడుతున్నదా, బానెట్ లోపల పుడుతున్నదా అని గమనించాలి. చప్పుడు పుట్టేచోట వేలు ఆనిస్తే సన్నని అదురు తెలుస్తుంది. విజయవాడ ఆటోనగర్ వంటి చోట్ల ఎందరో యువకులు ఇటువంటి విద్యను పుస్తకాల ద్వారా కాక గురువు పక్కన నిలిచి నేర్చుకొంటారు.

కారణం తెలిస్తే చికిత్స సులభం. పెడలు కీలు దగ్గర దుమ్ము, ఎండిన పాత గ్రీజు పేరుకొని ఉంటే గుడ్డతో తుడిచి కొత్త గ్రీజు రాయాలి. బుష్ అరిగి పెడలు పక్కలకు ఊగుతుంటే గ్రీజు చాలదు, బుష్ మార్చాలి. పోగులు తెగిన కేబులునూ మార్చవలసిందే. పలుచని నూనె చిమ్మితే చప్పుడు అప్పటికి అణగుతుంది కాని, ఉన్న గ్రీజు కూడా కరిగిపోయి కొన్నాళ్లకు మళ్లీ మొదలవుతుంది. రబ్బరు భాగాలున్నచోట సిలికాన్ గ్రీజు శ్రేయస్కరం. మామూలు పెట్రోలియం గ్రీజుకు కొన్ని రకాల రబ్బరు ఉబ్బి పాడవుతుంది. ఫోర్కు దగ్గర మితిమీరి రాసిన గ్రీజు క్లచ్ ప్లేటు మీద పడితే ప్లేటు జారుతుంది. మేలు చేసే వస్తువుకు కూడా చోటు, మోతాదు తెలిసి ఉండాలి.

బుష్ మారిస్తే సరిపోయే చోట క్లచ్ మొత్తం మార్చాలని చెప్పడం కొందరికి లాభసాటి కావచ్చు. ఉన్న లోపాన్ని ఉన్నంతే చెప్పిన మెకానిక్కు ఆనాటి పెద్ద బిల్లును వదులుకొంటాడు. డ్రైవరు మాత్రం ఆ సాయంత్రమే తన సంపాదనతో ఇల్లు చేరుతాడు. చిన్న చప్పుడును శ్రద్ధగా వినడం, కారణం తేలేవరకు ఓపిక పట్టడం, తేలిన నిజాన్ని దాచకుండా చెప్పడం - ఈ మూడూ కలిసినప్పుడే చేతిపని విద్య అనిపించుకొంటుంది.