రంపం తినే ముక్క

మా పొలంలో బావిగడ్డన ఒక వేపచెట్టు ఉండేది. మా తాత నాటింది. గాలివానకు అది కూకటివేళ్లతో కూలితే బాపు రెండు రోజులు ఆ పక్కకే పోలేదు. తరువాత మొద్దును ట్రాక్టరు మీద కామారెడ్డి కోతమిల్లుకు తెచ్చి పలకలు కోయించాడు. పుచ్చు పోగా దక్కినవి మూడే మూడు. ఒక్కొక్కటి ఎనిమిదడుగులు, అంటే 96 అంగుళాలు. "నీ పుస్తకాలకు అల్మార చేపిద్దాం. వేపకు చెద పట్టదు" అన్నాడు. మా ఇంట్లో కాలేజీ మెట్టెక్కినవాణ్ణి నేనొక్కణ్ణే మరి!

ఏడాదంతా పలకలు కొట్టంలో ఆరాయి. ఎండాకాలం సెలవుల్లో వాటిని ఎల్లారెడ్డిలో మాకు తెలిసిన వడ్ల తాత దగ్గరికి చేర్చాము. నిలువు పక్కలు రెండు, 60 అంగుళాలవి కావాలి. అడ్డపలకలు నాలుగు, 36 అంగుళాలవి. గణితం విద్యార్థిని కదా, కాగితం తీసి లెక్క కట్టాను. కావలసింది 264, ఉన్నది 288. ఇంకా రెండడుగులు మిగులు! తాత ఏదో పెండ్లికి పోయిన రోజున, ఆయన వచ్చేసరికి పని సగం చేసిపెట్టి మెప్పు పొందుదామనే దురాశతో రంపం అందుకున్నాను.

చిన్నవి సులువు కదా అని వాటినే ముందు కోశాను. మొదటి పలకలో రెండు, రెండవ పలకలో రెండు. చెమటలు కారుతున్నా లోపల గర్వమే. మూడవ పలక మీద బద్ద పెట్టినప్పుడు గుండె ఆగినంత పనైంది. దాంట్లో వచ్చేది ఒక్క పక్కే. రెండవది ఏది? నేలమీద 24 అంగుళాల ముక్కలు రెండు పడి ఉన్నాయి, దేనికీ అక్కరకు రాకుండా. కూడిక తప్పలేదు, కట్టె చాలలేదు. అంగట్లో కట్టె దొరుకుతుంది గాని తాత నాటిన చెట్టు దొరుకుతుందా?

సాయంత్రం బాపు వచ్చి చూశాడు. తిట్టలేదు. తిడితేనే బాగుండేది. "దూరపు మడికి నీళ్లు పారిచ్చినంకనే దగ్గరి మడికి పెడతం గద బిడ్డా" అని మాత్రం అన్నాడు.

మరునాడు వడ్ల తాత మిగిలిన పలకను అటూ ఇటూ తిప్పి, "అల్మార పొట్టిగైతది, గంతే గద" అన్నాడు. పక్కలు రెండూ దాంట్లోనే తీయాలి. తప్పు దిద్దుకునే ఆత్రంలో నేను సరిగ్గా 48 దగ్గర గీత గీశాను. తాత నవ్వాడు. "మరి రంపం యాడికెల్లి నడుస్తది?"

రంపం నడిచే దారి కూడా కట్టెలోంచే పోవాలి. ఆపైన కోసిన అంచుకు చిత్రిక పట్టాలి. ఒక్కో పక్కకు 47¾ అంగుళాలు కొలిచి, నడుమ అరంగుళం వదిలాడు. పెద్దవి ముందు కోసి ఉంటే 60, 36 కలిసి 96 అయ్యేవి కదా అని రాత్రంతా కుమిలిపోయాను. అదీ సగం నిజమేనని అప్పుడు తెలిసింది. అడ్డపలకలను తలా అరంగుళం తగ్గిస్తే తప్ప అదీ కుదిరేది కాదు.

కామారెడ్డిలో తరగతులు మొదలయ్యాక లీనియర్ ప్రోగ్రామింగ్ గురించి చదువుతుంటే కాంటరోవిచ్ పేరు తగిలింది. సోవియట్ గణితవేత్త. లెనిన్‌గ్రాడులోని ఒక ప్లైవుడ్ సంస్థ తన యంత్రాలకు పని ఎలా పంచాలో చెప్పమని ఆయనను అడిగింది. 1939లో ఆయన వేసిన చిన్న పుస్తకంలో ఆ చిక్కుతో పాటు, తుక్కు తక్కువగా సరుకు కోయడమెట్లా అన్నదీ ఉంది. 1975లో కూప్‌మన్స్‌తో కలిసి ఆర్థికశాస్త్రంలో నోబెల్ బహుమతి అందుకున్నాడు. దసరాకు పోయినప్పుడు ఇదంతా వడ్ల తాతకు చెప్పాను. శ్రద్ధగా విని, "రంపానికి జాగ ఇడిసిండా మరి?" అని అడిగాడు.

అల్మార మా ఇంట్లో నా నడుము దాటి కొంచెం పైకి వస్తుంది. కింది పుస్తకం తీయాలంటే గొంతుకూర్చోవాలి. ఆ 24 అంగుళాల ముక్కలతో తాత ఒక పీట చేసి ఇచ్చాడు. నాయనమ్మ దాని మీద కూర్చొని చింతపండు కొడుతుంది.